సమస్య: "కడలిగాలి వీచఁ గఱవు వచ్చె" (ఈసారి మా మేనకోడలి లోకంలో)

నిర్వాహకుడు (పర్లాకిమిడి):

ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

కడలిగాలి వీచఁ గఱవు వచ్చె

ఒక షరతుంది. మా మేనకోడలు పదో తరగతి చదువుతోంది. ఏదో ఆట కోసమని అట్టముక్క మీద ఒక లోకం గీసింది. అందులో మూడు ఖండాలు. శూలద్వీపం ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నగా ఉంటుంది, నడుమ ఎత్తైన కొండల వరుస. కూర్మద్వీపం తాబేలు డిప్పలా గుండ్రంగా, మహా విశాలంగా ఉంటుంది. కంకణద్వీపం గాజులాంటిది, చుట్టూ నేల, నడుమ సముద్రం. దాన్ని సరిగ్గా భూమధ్యరేఖ మీద పెట్టింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఎడారి పక్కనే మంచు, మంచు పక్కనే అడవి. "ఇక్కడ ఎడారి ఎందుకొచ్చిందే?" అంటే "పసుపు పెన్ను మిగిలిపోయింది మామయ్యా" అంది. పురాణాల్లో ఏడు ద్వీపాల చుట్టూ ఉప్పు, చెరకురసం, కల్లు, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్ల సముద్రాలు లేవా, మనకెందుకీ పట్టింపు అంటారేమో. సముద్రం పాలదైనా నాకు ఫర్వాలేదు. ఆ ఆవిరి ఎటు పోయిందో మాత్రం పద్యంలో తేలాలి. కరవు ఈ మూడు ఖండాల్లోనే ఎక్కడో రావాలి.

బరంపురం మాస్టారు:

శూలద్వీపం నాది.

కొండ యెక్కి మబ్బు కుమ్మరించి యలసె
నవతలికిని దిగిన యనిలమందుఁ
జెమ్మ లేదు చుక్క చేను నెఱియలయ్యెఁ
గడలిగాలి వీచఁ గఱవు వచ్చె

నిర్వాహకుడు:

మాస్టారూ, యతులకు వంక లేదు. "చెమ్మ లేదు చుక్క" మాత్రం నాలుకకు అడ్డం పడుతోంది. "చెమ్మ చుక్క లేదు" అంటే గణాలు అవే, మాట మనది. ఇక విషయానికొస్తే ఇది కొండచాటు ఎడారి. మహాబలేశ్వరంలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్ల పైన వాన పడుతుంది. కొండ దిగి అవతలి వాయి ఊరు చేరేసరికి అది 1,000 కూడా ఉండదు. తడిగాలి పైకెక్కుతూ కిలోమీటరుకు సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. వాన కురిసేశాక పొడిగాలై దిగేటప్పుడు కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. మూడు కిలోమీటర్ల కొండైతే, ఇటు తీరంలో 28 ఉన్న గాలి అటు దిగేసరికి 40. మన మహేంద్రగిరి 1,501 మీటర్లే. పిల్ల శూలానికి అంతకు రెట్టింపు ఎత్తు పెట్టమని చెప్పాను.

జయపురం తమ్ముడు:

కల్పిత లోకమన్నారు కాబట్టి నేనొక రక్కసిని దించాను.

ద్వీప మధ్యమందు దిగి యొక రక్కసి
మబ్బు లన్ని మింగి త్రేన్చె నంట
దాని భయముచేత దారి తప్పి మరలి
కడలిగాలి వీచఁ గఱవు వచ్చె

బరంపురం మాస్టారు:

రెండో పాదంలో యతి ఏదీ నాయనా? "మ"కు "త్రే" ఎక్కడ కుదిరింది?

రాయగడ అక్క:

మాస్టారూ, పిల్లాణ్ణి బెదరగొట్టకండి. తమ్ముడూ, "త్రేన్చె నంట" తీసేసి "యుబ్బె నంట" పెట్టు. మబ్బు, ఉబ్బె: రెండో అక్షరాలు కలిసి ప్రాసయతి కుదిరిపోతుంది. అన్ని మబ్బులు మింగితే త్రేన్పు కంటే ముందు పొట్ట ఉబ్బడమే న్యాయం కూడాను.

నిర్వాహకుడు:

సవరణ బాగుంది. నీళ్ల లెక్క మాత్రం తేలలేదు తమ్ముడూ. మింగిన నీళ్లేమయ్యాయి? రక్కసికి చెమటైనా పట్టాలి కదా!

జయపురం తమ్ముడు:

పొట్ట పగిలి చెరువైందని ఇంకో పద్యం రాస్తానండి. అది వచ్చే వారం.

రాయగడ అక్క:

నాదీ శూలద్వీపమే, తూర్పు తీరం.

చల్లనీటి వాఁక చాలుగ దరివెంటఁ
బాఱఁ దేమ మంచు పగిది నిలిచి
మింటి కెగయలేక మెత్తగ నిదురించెఁ
గడలిగాలి వీచఁ గఱవు వచ్చె

నిర్వాహకుడు:

అక్కా, "మెత్తగ నిదురించె" దగ్గర ఆగి మూడుసార్లు చదువుకున్నాను. జరిగేదీ అదే. అడుగున చల్లటి నీరు ఉంటే దాన్నంటిన గాలి చల్లబడి బరువెక్కుతుంది, పైకి లేవదు. లేవని తేమ పొగమంచవుతుంది గానీ వాన కాదు. చిలీ తీరంలో హంబోల్ట్ ప్రవాహం పక్కన అటకామా, ఆఫ్రికాలో బెంగ్వేలా ప్రవాహం పక్కన నమీబ్ ఎడారి అలాగే ఉన్నాయి. సముద్రం కళ్లెదురుగా ఉంటుంది, గొంతు మాత్రం తడవదు. చిలీలో కొన్ని ఊళ్ల వాళ్లు వలలు కట్టి పొగమంచునే నీళ్లుగా పట్టుకుంటారు.

ఒక్క అభ్యంతరం. ఈ చల్లటి ప్రవాహాలు రెండూ ఖండాలకు పడమటి తీరాన ఉన్నాయి. మీరు తూర్పు అన్నారు.

రాయగడ అక్క:

మీ మేనకోడలి పటం మూల చూడండి తమ్ముడూ. "ఇక్కడ సూర్యుడు పడమట పొడుస్తాడు" అని చిన్నక్షరాల్లో రాసింది. ఆ లోకం అటునుంచి ఇటు తిరుగుతోందన్నమాట. గాలులు తిరగబడితే ప్రవాహాలూ తిరగబడతాయి కదా!

నిర్వాహకుడు:

ఓడిపోయాను అక్కా. పిల్లది సరదాకి రాసిన ముక్కని నేను చూడనేలేదు. తూర్పే ఖాయం.

గోపాలపురం తాత:

నాకు ఊహాలోకాలు తెలీవు నాయనా. చూసింది రాశాను. ఖండమంటారా, కంకణం అనుకోండి.

ఉప్పెనెక్కి వచ్చె నుప్పునీట మునిఁగె
మడులు జీడితోట మాను కూలె
నేల చవుడు బాఱె నేఁడును మొలవదు
కడలిగాలి వీచఁ గఱవు వచ్చె

బరంపురం మాస్టారు:

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మీ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ఆ హోరు బరంపురంలో మా తలుపుల్లో ఇప్పటికీ ఉంది. ఈ పద్యానికి నేను వంక పెట్టను.

నిర్వాహకుడు:

నేనూ పెట్టను తాతగారూ, తప్పు పటానిదే. సరిగ్గా మధ్యరేఖ మీద తుపాను పుట్టదు. నీరు ఎంత వెచ్చగా ఉన్నా గాలిని సుడి తిప్పే బలం అక్కడ సున్నా. అటో ఇటో అయిదు డిగ్రీలైనా జరగాలి. ఏ దిక్కుకి తిరిగే లోకానికైనా ఇదే లెక్క. అందుకని కంకణాన్ని పది డిగ్రీలు ఉత్తరానికి జరిపించాను. రబ్బరుతో తుడిస్తే అట్ట చిరిగింది. మేనకోడలు పొద్దున్నుంచీ మాట్లాడట్లేదు.

నిర్వాహకుడు (రాత్రి):

మాట్లాడలేదు గానీ కాగితం ఇచ్చింది. తనకి బళ్లో ఒడియా, ఇంగ్లీషే. తెలుగు ఇంట్లో చెవినపడ్డదే. పద్యం ఒడియా లిపిలో రాసింది, నేను తెలుగులోకి దించాను. కూర్మద్వీపం తీసుకుంది.

వేయి మైళ్ళు నడిచి వేసటఁ బడిపోయి
దారి చేలు త్రాగఁ దడియు లేక
వట్టి చేతులూపి వచ్చెను చుట్టమై
కడలిగాలి వీచఁ గఱవు వచ్చె

(అరసున్నలు నావి, "గఱవు"లో బండి ఱ నాది. యతులు తనవే.)

రాయగడ అక్క:

అమ్మో! "చుట్టమై కడలిగాలి వచ్చెను" అని అక్కడ విరవొచ్చు, "కడలిగాలి వీచఁ గఱవు వచ్చె" అని ఇక్కడా కలపొచ్చు. ఒకే మాట రెండు వైపులా అన్వయిస్తోంది. ఇది మనలో ఎవరికీ తట్టలేదు.

బరంపురం మాస్టారు:

నడిఖండం కరవు అంటే ఇదే. చైనాలో షింజియాంగ్ లోపల సముద్రానికి సుమారు 2,500 కిలోమీటర్ల దూరాన ఉన్న చోట్లున్నాయి. అంత దూరం నడిచొచ్చిన గాలి చేతిలో ఏం మిగులుతుంది? అంతా బాగుంది గానీ, అరసున్నలు పెట్టిన పద్యంలో "మైళ్ళు" ఏమిటి? ఆమడలో యోజనాలో పడాలి.

నిర్వాహకుడు:

మాస్టారూ, మా పర్లాకిమిడి గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. కొండ దిగొచ్చిన సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, వాడుకమాట కోసం పోట్లాడిన మనిషి. ఆయన ఊళ్లో పదో తరగతి పిల్ల మైళ్ళంటే నేను తియ్యను. అరసున్నలు పెట్టినందుకు ఆయన నన్నే తిట్టి ఉండేవారు.

ఈ వారం మొదటి స్థానం కూర్మద్వీపానికే. చెబితే నవ్వింది. పటం కొత్త అట్ట మీద మళ్లీ గీస్తోంది. కూర్మం నడుమ ఎడారి వేస్తుంటే పసుపు పెన్ను సగంలో అయిపోయిందట, రేపు బజారు నుంచి తెమ్మంది.