వేడి ఇనుమును నీటిలో వేస్తే తుది ఉష్ణోగ్రత సగటు ఎందుకు కాదు?

ప్రశ్న:
నమస్కారం. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఉష్ణం పాఠం చెబుతూ, 200 గ్రాముల ఇనుప బోల్టుకు దారం కట్టి, మరిగే నీటిలో 10 నిమిషాలు ఉంచి, స్టీలు గ్లాసులో 30 డిగ్రీల వద్ద ఉన్న 200 గ్రాముల నీటిలోకి దించాము. రెండింటి ద్రవ్యరాశి ఒకటే కనుక 65 డిగ్రీలు వస్తుందని నేను చెప్పాను, కానీ థర్మామీటరు 36 దాటి కదలలేదు. పొరపాటు ఎక్కడ జరిగింది? మేము ఉండేది హైదరాబాదులో.

సమాధానం 1:
ప్రయోగం సరిగానే జరిగిందండీ, పొరపాటు మీ అంచనాలో ఉంది. గ్రాము నీరు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 1 కెలోరీ కావాలి, ఇనుముకు 0.115 కెలోరీ చాలు. కాబట్టి మీ బోల్టు ఉష్ణం విషయంలో 23 గ్రాముల నీటితో సమానం. తుది ఉష్ణోగ్రతను ‘ఉ’ అనుకుంటే, మిశ్రమాల పద్ధతి (వేడి వస్తువు కోల్పోయిన ఉష్ణం చల్లని వస్తువు పొందిన ఉష్ణానికి సమానం) ప్రకారం 23 × (100 − ఉ) = 200 × (ఉ − 30). దీని నుంచి ఉ = 37.2 డిగ్రీలు.

సమాధానం 2:
మిగిలిన తేడాకు కారణాలు చెబుతాను. గ్లాసు కూడా వేడెక్కుతుంది. అది 100 గ్రాములుంటే జవాబు 36.9కి దిగుతుంది. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కనుక అక్కడ నీరు సుమారు 98 డిగ్రీలకే మరుగుతుంది, దానితో 36.7 అవుతుంది. బోల్టును గాలిలోంచి తెచ్చేటప్పుడు పోయే వేడి మిగతాది. అయితే బోల్టును విదిలించడం మరవకండి: దానికి అంటుకున్న మరిగే నీరు 2 గ్రాములున్నా ఫలితాన్ని దాదాపు అర డిగ్రీ పెంచుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కొలిమిలో 800 డిగ్రీలకు కాలిన అరకిలో ఇనుమును 30 డిగ్రీల వద్ద ఉన్న 100 గ్రాముల నీటిలో ముంచితే ఇదే సూత్రం 311 డిగ్రీలు అంటోంది. నీరు అంత వేడెక్కుతుందా?

సమాధానం 1 రాసినవారు:
తెరచిన పాత్రలో వేడెక్కదు. జవాబు 100 దాటిందంటే నీరు ఆవిరవుతోందని అర్థం, అప్పుడు గుప్తోష్ణాన్ని, అంటే ఉష్ణోగ్రత పెరగకుండా నీరు ఆవిరిగా మారడానికి పట్టే ఉష్ణాన్ని, లెక్కలోకి తీసుకోవాలి. ఇనుము 100 డిగ్రీలకు దిగేలోపు 40,250 కెలోరీలు ఇస్తుంది. నీరు 100 డిగ్రీలకు చేరడానికి 7,000 పోతాయి. మిగిలిన 33,250 కెలోరీలను గ్రాముకు 540 చొప్పున భాగిస్తే దాదాపు 62 గ్రాముల నీరు ఆవిరవుతుంది, మిగిలిన 38 గ్రాములు 100 డిగ్రీల వద్దే ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ ఇనుము విశిష్టోష్ణం (గ్రాము ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన ఉష్ణం) కూడా పెరుగుతుంది కనుక, నిజంగా ఇంతకంటే ఎక్కువ నీరే ఆవిరై పోతుంది. ఈ ప్రయోగాన్ని మాత్రం ఇంట్లో చేయకండి, ఆవిరితో పాటు మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.