4,29,49,67,297 ప్రధాన సంఖ్యేనా? నా ప్రోగ్రాం అవునంటోంది

శేషం_సున్నా:
ప్రధాన సంఖ్యల్ని పట్టే ప్రోగ్రాం రాశాను. 2 పవర్ 32కి 1 కలిపి ఇస్తే 'ప్రధానం' అంది. చివర 7, అంకెల మొత్తం 59, కాబట్టి 2, 3, 5తో పోదు. 7, 11, 13తో చేత్తో భాగించి చూశా, పోలేదు. కానీ ఇది సంయుక్త సంఖ్య అని ఎక్కడో చదివిన గుర్తు. ఇంకెవరికైనా ఇలా అయిందా?

బిట్ల_గోల:
మీదే నయం. నాకు 1 అని వచ్చింది! 32 బిట్ల వేరియబుల్‌లో పట్టే పెద్ద సంఖ్య 4,29,49,67,295. తర్వాతది సున్నా, ఆ తర్వాత మనది 1. తప్పు లాజిక్‌లో ఉందనుకుని సాయంత్రమంతా తల బాదుకున్నా.

పాత_మాస్టారు:
బాబూ, 2తో ఫెర్మా పరీక్ష పెట్టారు కదూ? పరీక్షించే సంఖ్య n అనుకుంటే, 2 పవర్ (n−1)ని nతో భాగించి, శేషం 1 వస్తే ప్రధానం అనేశారు. ఇక్కడ 2 పవర్ 32కి శేషం −1 (అంటే ఇంకో 1 కలిపితే పూర్తిగా పోతుంది), కాబట్టి 2 పవర్ 64కి 1. n−1 ఏమో 64కి గుణిజం. ఇక పాసవక ఏం చేస్తుంది? 2 పవర్లతో కట్టిన సంఖ్యని 2తోనే పరీక్షించడం దొంగకి తాళాలిచ్చినట్టే. 3తో పెట్టి చూడండి.

శేషం_సున్నా:
2తోనే పెట్టానండీ. 3తో పెడితే శేషం 1 రాలేదు, దొరికిపోయింది. మరి కారణాంకం ఎలా పట్టాలి?

పాత_మాస్టారు:
2 పవర్ 1, 2, 4, 8, 16లకి 1 కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65,537 ప్రధానాలు కావడం చూసి, ఈ వరసలో అన్నీ అంతేనని 1640లో ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ 641 చూపించాడు. 4,29,49,67,297 = 641 × 67,00,417. రెండూ ప్రధానాలే, అంటే ఇది రెండు ప్రధానాల లబ్ధం, సెమీప్రైమ్. దీని ప్రధాన కారణాంకం దేన్నైనా 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటి ప్రధానాలు 193, 257, 449, 577, 641. ఐదో దెబ్బకే పడింది!

కాగితం_చాలు:
641తో పోతుందని భాగించకుండానే తేల్చొచ్చు. 641 = 5×128 + 1, కాబట్టి 5×2⁷కి శేషం −1. నాలుగో పవర్ చేస్తే 5⁴×2²⁸కి శేషం 1. మరోపక్క 641 = 625 + 16, అంటే 5⁴ బదులు −2⁴ వేసుకోవచ్చు. అప్పుడు −2³²కి శేషం 1, అంటే 2³² + 1 పూర్తిగా పోతుంది. మొదటిసారి చూసినప్పుడు రెండుసార్లు సరిచూసుకున్నా.

చదరాల_పిచ్చి:
నేను దీన్ని ఇంకో దారిలో పట్టుకున్నా. ఇది 65,536² + 1² అని తెలిసిందే, కానీ 62,264² + 20,449² కూడా. ప్రధాన సంఖ్యైతే రెండు వర్గాల మొత్తంగా ఒక్క రకంగానే విడిపోవాలి. 641 = 25² + 4², 67,00,417 = 2,556² + 409² తీసుకుని, రెండు వర్గాల మొత్తాల లబ్ధం కూడా రెండు వర్గాల మొత్తమేననే బ్రహ్మగుప్తుడి సూత్రంలో వేశా. 25×409 = 10,225, 4×2,556 = 10,224. తీసేస్తే 1, కలిపితే 20,449! పైగా 20,449 అంటే 143².

శేషం_సున్నా:
ఆ 1 అక్కణ్ణుంచా వచ్చింది! ప్రోగ్రాంలో 2 తీసేసి 3, 5, 7 పెట్టాను. 3తో పెట్టినా ఇలా మోసం చేసేవి ఉన్నాయా?

పాత_మాస్టారు:
ఎందుకు లేవు, 91 ఇచ్చి చూడండి.