బొప్పాయి వద్దన్నారు సరే, మరి కొమ్ముకోనాం చేప తినొచ్చా? మూడో నెల, ఇంట్లో రోజూ పంచాయితీ

పెదవాల్తేరు పిల్ల:

నమస్తే అండీ. నాకు పదకొండో వారం, మొదటి కాన్పు. మా ఆయనది పోర్టులో షిఫ్టు డ్యూటీ. పగలంతా ఇంట్లో నేను, అత్తయ్య, మా ఆయన నాయనమ్మ. ఆవిడని అందరం మామ్మ అంటాం, ఎనభై దాటాయి.

టెస్టులో రెండు గీతలు కనబడ్డ రోజు నుంచి వద్దన్న వాటి లెక్క పెరుగుతూనే ఉంది. బొప్పాయి వద్దు, అనాస వద్దు, నువ్వులు వేడి, వంకాయ దురద. మొన్న పక్కింటావిడ బొప్పాయి ముక్కలు గిన్నెలో వేసి పంపిస్తే అత్తయ్య గుమ్మంలోంచే తిప్పి పంపేసింది. "ముట్టావంటే కడుపు జారిపోద్ది" అని మామ్మ. గిన్నె మూత కూడా తియ్యలేదు మేం.

ఇది ఒక వైపు. రెండో వైపు, తినాలి అని పెట్టేవి. ఆదివారం లివర్ వేపుడు, రక్తం పడుతుందని. పొద్దున్న సగం ఉడికిన గుడ్డు, మిరియాలు చల్లి. ఇంక చేపలు. వేట నిషేధం జూన్ 14తో అయిపోయింది కదా, అప్పటి నుంచి వారానికి రెండుసార్లు అత్తయ్య తెల్లారకుండానే ఆటో ఎక్కి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి కొమ్ముకోనాం తెస్తోంది. దుంగని కోసినట్టు గుండ్రటి ముక్కలు, మధ్యలో ఒకటే ఎముక. "ముల్లు గుచ్చుకుంటాదన్న బెంగ లేదే, కళ్లు మూసుకుని తినెయ్" అంటుంది. అంత చీకట్లో వెళ్లి తెచ్చేది నా కోసమే, వద్దని ఎలా చెప్పను? కానీ నాతో పనిచేసే ఆవిడ పెద్ద చేపల్లో పాదరసం ఉంటుంది, కడుపుతో ఉన్నవాళ్లు తినకూడదు అంది. పాదరసం అంటే థర్మామీటర్‌లో ఉండేదే కదా, అది చేపలోకి ఎలా వెళ్తుంది?

ఇంకోటి, ఇది చెప్పడానికి మొహమాటంగా ఉంది. మామ్మకి అడ్డపొగ అలవాటు. తెలియని వాళ్లకి చెప్తున్నా, చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం. కాపురానికొచ్చిన కొత్తలో మొదటిసారి చూసి ఆవిడ నోరు కాలిపోతోందని కేక పెట్టాను. సాయంత్రం సీరియల్ టైముకి ముందు గదిలో నా పక్కనే మంచం మీద కూర్చుని తాగుతుంది. బొప్పాయి వద్దని నాకు చెప్పింది కూడా చుట్ట నోట్లో ఉండగానే.

చెకప్‌లో అడుగుదామంటే బయట ముప్పై మంది. "అన్నీ తినమ్మా, జంక్ తగ్గించు" అని డాక్టర్ గారు చీటీ రాసేశారు. నేను రోజుకి ఐదు టీలు తాగుతా, మధ్యాహ్నం అరకు పొడితో ఫిల్టర్ కాఫీ ఒకటి. అది కూడా మానాలా? నిజంగా ఏది ప్రమాదం, ఏది ఊరికే భయం, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

గాజువాక నానీ:

మా అమ్మ నన్ను మోసినప్పుడు సొర చేప, వంజరం, బొప్పాయి అన్నీ తినేసింది. నేను బాగానే ఉన్నాగా. ఇవన్నీ నెట్‌లో పుట్టిన భయాలు సిస్టర్, టెన్షన్ పడకండి.

మద్దిలపాలెం సిస్టరమ్మ:

నానీ బాబూ, నువ్వు బాగున్నావు, సంతోషం. బాగాలేని వాళ్లు ఇక్కడికొచ్చి రాయరు కదా నాన్నా.

అమ్మలూ, నేను కాన్పుల వార్డులో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాను, నీ రిపోర్టులు చూసిన వాళ్ల మాటే ఆఖరిది. కానీ నీ ఉత్తరం చదివితే నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. మీ ఇంట్లో వద్దన్న వాటిలో చాలా వరకు ఫరవాలేదు. పట్టుబట్టి పెడుతున్న వాటితోనే పేచీ.

ముందు చేప. బొగ్గు కాల్చిన పొగల్లోంచి, గనుల్లోంచి పాదరసం నీళ్లలో కలుస్తుంది. నీళ్లలోని బ్యాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తుంది. అది నాచులోకి, నాచు తిన్న చిన్న చేపలోకి, దాన్ని మింగిన పెద్ద చేపలోకి చేరుతూ పోతుంది. కొమ్ముకోనాం ఏళ్ల తరబడి వేటాడి బతికే చేప, తిన్నవాటన్నిటి పాదరసం దాని కండలోనే ఉంటుంది. ఉప్పు, పసుపు వేసి ఎన్నిసార్లు కడిగినా, చింతపండు పులుసులో ఎంత మరిగించినా పోదు. మాయ దాటి బిడ్డకి చేరుతుంది, ఎదిగే మెదడు మీద పనిచేస్తుంది. అందుకే కొమ్ముకోనాం, సొర రెండూ మానెయ్యి. వంజరం కూడా వేటాడే చేపే. గర్భిణులు తినొద్దని అమెరికా వాళ్లు ఇచ్చిన జాబితాలో దాని దగ్గరి చుట్టం కింగ్ మాకెరల్ ఉంది, కాబట్టి పెద్ద వంజరం జోలికీ వెళ్లకు. ఇన్నాళ్లూ తిన్నదానికి గుండెలు బాదుకోకు, ఒక పూటతో వచ్చే ముప్పు కాదిది. ఇక్కడితో ఆపితే చాలు.

చేపే మానేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. కవ్వళ్లు, కానాగంతలు, నెత్తళ్లు లాంటి చిన్న చేపలు, రొయ్యలు వారానికి రెండు మూడు సార్లు, బాగా ఉడికించి తిను. బిడ్డ మెదడుకి మంచి చేసే కొవ్వులు వాటిలోనే ఉన్నాయి, పైగా చవక. పాలు పడతాయని రేపు బాలింతకి సొరపుట్టు పెడతామంటారు, మన వైపు మామూలే. పాలిచ్చే తల్లికి కూడా సొర వద్దనే చెప్తున్నారు. ఆ గొడవ అప్పుడు పడదాం.

లివర్ విషయంలో మీ అత్తగారి మాట సగం నిజం, దాంట్లో ఐరన్ ఉంది. కానీ విటమిన్ ఎ విపరీతం. గొర్రె లివర్ 100 గ్రాముల్లో 7000 మైక్రోగ్రాములు దాటి ఉంటుంది. గర్భిణికి రోజుకి 3000 దాటకూడదంటారు. అది మరీ ఎక్కువైతే, ముఖ్యంగా ఈ మొదటి మూడు నెలల్లో, బిడ్డ అవయవాలు ఏర్పడేటప్పుడు లోపాలు రావచ్చు. రక్తానికి ఐరన్ మాత్ర ఉంది, తోటకూర, పప్పు, మామూలు మాంసం ఉన్నాయి. ఆ మాత్రని టీతో మింగకు. టీ, కాఫీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు, గంటో రెండు గంటలో ఎడం ఉంచు. కాల్షియం మాత్ర వేరే పూట.

టీ, కాఫీ పూర్తిగా మానక్కర్లేదు. కెఫిన్ రోజుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు. బ్రిటన్ వాళ్ల లెక్కలో పెద్ద మగ్గు టీలో 75, ఫిల్టర్ కాఫీలో 140. మన గ్లాసులు చిన్నవే అనుకో, అయినా ఐదు టీలు, పైన అరకు కాఫీ అంటే గీత దాటినట్టే. నేనైతే మన చిన్న గ్లాసుల లెక్కన కాఫీ ఉంచుకుని టీలు ఒకటికో రెండుకో తెస్తాను. నాకు కాఫీ పిచ్చి, నీ ఇష్టం నీది.

గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడకాలి, సాల్మొనెల్లా అనే క్రిమి గొడవ. బీచ్ రోడ్డులో షవర్మా తింటావేమో, పచ్చి గుడ్డుతో కొట్టిన మయోనైజ్ వద్దు. తెలంగాణలో 2024 అక్టోబరు చివర్లో దాన్ని ఏడాది పాటు నిషేధించారు కూడా. కాచని పాలు, కోసి ఈగలు వాలేలా పెట్టిన పండ్ల ముక్కలు, పచ్చి మొలకలు కూడా పక్కన పెట్టు.

బొప్పాయి భయం ఊరికే పుట్టలేదులే. పచ్చికాయ గోకితే తెల్లటి పాలు కారతాయి చూడు, ఆ పాలు గర్భసంచిని ముడుచుకునేలా చేస్తాయని ఎలుకల మీద పరీక్షల్లో తేలింది. పచ్చికాయ, దోరకాయ వద్దు. బాగా పండినదానితో ఆ పేచీ లేదు. అనాస నాలుగు ముక్కలు తింటే ఏమీ కాదు. నువ్వులు హాయిగా తిను.

మందు సంగతి నువ్వు అడగలేదు, చదివే వాళ్లెవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. కల్లు, బీరు, వైను ఏదైనా సరే, ఇంత వరకు ఫరవాలేదు అనే కొలత లేదు. అలాగే ఒళ్లు నొప్పులని షాపులో అడిగి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మింగకండి. 20 వారాలు దాటాక అవి బిడ్డ కిడ్నీల మీద పడి ఉమ్మనీరు తగ్గవచ్చు.

ఇంక మామ్మ చుట్ట. నీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే. నిప్పు నోట్లో ఉన్నా పొగ గదిలోకే వస్తుంది. పక్కన కూర్చుని పీల్చినా బిడ్డ బరువు తగ్గే ప్రమాదం ఉంది. ఆవిడని ఈ వయసులో మానమంటే మానదు, నువ్వు అడగాల్సింది చోటు మార్చమని. నువ్వు చెప్పకు, మనవడితో చెప్పించు. ఇంకోటి, అడ్డపొగ తాగే వాళ్లకి అంగిట్లో క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువ. ఆవిడ నోరు ఒకసారి పళ్ల డాక్టర్‌కి చూపించండి. ఇది నీ కడుపుతో సంబంధం లేని మాట, కానీ చెప్పకుండా ఉండలేను.

గోపాలపట్నం అక్క:

చెల్లీ, సిస్టరమ్మ అన్నీ చెప్పేశారు, ఎవరూ చెప్పుకోనిది ఒకటి నేను చెప్తా. నాకు ఐదో నెలలో బలపాలు తినాలనిపించేది. నవ్వకండి. పూర్ణా మార్కెట్‌లో పిల్లల కోసమని చెప్పి డబ్బా కొని, బీరువాలో చీరల కింద దాచుకుని, రాత్రి అందరూ పడుకున్నాక కరకరా నమిలేదాన్ని. వాన పడితే గోడ వాసనకి నోరూరేది. సిగ్గుతో మా ఆయనకి కూడా చెప్పలేదు. ఆరో నెలలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7.8. డాక్టరమ్మ నా మొహం చూసి "బలపాలా, మట్టా?" అని అడిగింది, అక్కడే ఏడ్చేశాను. ఐరన్ తగ్గితే ఇలాంటి కోరికలు పుడతాయట. మట్టిలో, బలపాల్లో సీసం కూడా ఉండొచ్చట, అది బిడ్డకి విషం. ఐరన్ ఎక్కించాక నెల తిరిగేసరికి ఆ ఆశే పోయింది. ఎవరికైనా ఇలా ఉంటే దాచుకోకండి.

పెదవాల్తేరు పిల్ల:

అందరికీ థాంక్స్. సిస్టరమ్మ గారూ, మీరు రాసింది మా ఆయన చేత గట్టిగా చదివించాను. లివర్ దగ్గర అత్తయ్య ముఖం చిన్నబుచ్చుకుంది, ఆదివారం అంతా మాట్లాడలేదు. మంగళవారం మాత్రం కానాగంతలు తెచ్చింది. చేపలామె "ఏటమ్మా, కోనాం మానేసి వీటి మీద పడ్డావు, కోడలితో గొడవా?" అని ఆట పట్టించిందట. నాకు భోజనం పెట్టి, పక్కన కూర్చుని ముళ్లు తనే తీసి పళ్లెంలో వేసింది.

మామ్మ ముందు ఒప్పుకోలేదు. "నాను ఆరుగుర్ని కన్నాను, ఈ పొగలోనే కన్నాను" అంది. మా ఆయన ఏమీ అనకుండా మంచం తీసుకెళ్లి వీధి అరుగు మీద వేశాడు. టీవీ కనబడదని రెండు రోజులు అలిగింది. ఇప్పుడు కిటికీ తెరిచి టీవీ అటు తిప్పాం, చుట్ట అయ్యాక నోరు కడుక్కుని లోపలికి వస్తోంది. పళ్ల డాక్టర్ అంటే మాత్రం "నాకున్నవి నాలుగు పళ్లు, అవీ పీకించీమంటావా" అంటోంది. శనివారం మా ఆయనకి ఆఫ్, ఎలాగైనా తీసుకెళ్తాడు.

సిస్టరమ్మ గారూ, ఒక్క డౌట్. ఎండు నెత్తళ్లు కూడా పచ్చివాటితో సమానమేనా? డబ్బా నిండా ఉన్నాయి.

మద్దిలపాలెం సిస్టరమ్మ:

పాదరసం భయం లేదు, ఉప్పే ఎక్కువ. వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండు. పదిహేను రోజులకోసారి చాలు. బీపీ ఎక్కువుందని చీటీలో రాస్తే అదీ వద్దు.