ఇప్పుడు మీ చేతిలో ఉన్న పుస్తకం ఏంటి? ఎలా ఉంది?

గోదారిపిల్ల:

అందరికీ నమస్కారం. పెళ్లి, ఉద్యోగం, పిల్లాడు, వీటి మధ్య పడి ఏడెనిమిదేళ్లుగా ఒక్క తెలుగు పుస్తకం కూడా పూర్తిగా చదవలేదు నేను. పోయిన నెల కాకినాడ వెళ్లినప్పుడు అటక మీద సామాను దింపుతుంటే పాత ట్రంకుపెట్టెలో ‘కాలాతీత వ్యక్తులు’ దొరికింది. అట్ట లేదు, మొదటి నాలుగు కాగితాల అంచులు చెదలు కొట్టేశాయి, మిగతాదంతా బాగానే ఉంది. అక్కడక్కడా పక్కన పెన్సిల్‌తో గీతలు కూడా ఉన్నాయి, అమ్మే గీసి ఉంటుంది. హైదరాబాద్ తెచ్చుకుని, పిల్లాడు పడుకున్నాక ఫోన్ పక్కగదిలో ఛార్జింగ్‌కి పెట్టేసి రోజూ పది పదిహేను పేజీలు చదువుతున్నా. సగం దాటాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఇది డాక్టర్ పి. శ్రీదేవి గారి నవల, 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ 1961లో, ముప్పై రెండేళ్లు కూడా నిండకుండా పోయారు, రాసిన నవల ఇదొక్కటే. ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా దీని ఆధారంగానే తీశారు. సినిమా చూశాం కదా అని దీన్ని వదిలేయకండి, ఇక్కడ ఉన్న ఇందిర అక్కడ కనిపించదు.

కథ విశాఖపట్నంలో. ఇందిర నాన్న సంపాదించడు, ఇందిరే ఉద్యోగం చేసి ఇల్లు నడుపుతుంది. మేడ మీద గదిలో మెడిసిన్ చదివే ప్రకాశం అద్దెకి దిగుతాడు. ఇందిర నాకు నచ్చుతోందో లేదో నాకే తేలట్లేదు. ఒక పేజీలో ఈ అమ్మాయికి ఇంత స్వార్థమా అనిపిస్తుంది, తర్వాతి పేజీలో ఆ ఇంట్లో నేనున్నా అదే చేసేదాన్ని కదా అనిపిస్తుంది. ప్రకాశం మీద మాత్రం ఒళ్లు మండిపోతోంది. నాకు బాగా నచ్చిందేంటంటే రచయిత్రి ఎక్కడా మధ్యలో దూరి ‘చూశారా ఈ పిల్ల ఎలాంటిదో’ అనరు. ఇందిర తరఫున క్షమాపణ చెప్పరు, వకాల్తా పుచ్చుకోరు. అరవై ఏళ్ల కిందటి నవలలో ఇది నేను అస్సలు అనుకోలేదు.

మీరేం చదువుతున్నారు? నచ్చితే ఎందుకు నచ్చిందో, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో ఉన్నదున్నట్టు రాయండి. పెద్ద పేరున్న పుస్తకం కదా అని మొహమాటపడి మెచ్చుకోవద్దు. ‘కాలాతీత వ్యక్తులు’ చదివినవాళ్లు ముగింపు మాత్రం చెప్పకండి, ప్లీజ్.


బీచ్‌రోడ్డు:

అమ్మాయ్, ముగింపు చెప్పను, నిశ్చింతగా చదువుకో. కానీ ఇందిర గురించి ఒక మాట చెప్పాలి.

నేను మొదటిసారి అది చదివింది కాలేజీలో ఉన్నప్పుడు, అద్దె లైబ్రరీ నుంచి తెచ్చుకుని. అప్పుడు నాకు అందులోని ఇంకో అమ్మాయి, కల్యాణే నచ్చింది. ఇందిర అంటే చిరాకు. 1976లో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాను. ఒకటో తారీకున జీతం కవరు విప్పకుండా తెచ్చి నాన్నగారి చేతిలో పెట్టడం మా ఇంట్లో పద్ధతి, బస్సుకీ టిఫినుకీ ఆయనే లెక్కపెట్టి తిరిగి ఇచ్చేవారు. ఒక నెల దారిలోనే కవరు విప్పి పదిహేను రూపాయలు పెట్టి చెప్పులు కొనుక్కున్నాను. పాతవి మేకులు కొట్టించీ కొట్టించీ ఇంక కుట్టడానికి కూడా పనికిరాకుండా పోయాయి మరి. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. అమ్మ కంచం నా ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నాన్నగారు చెడ్డవారు కాదు, ఒక్క మాట కూడా అనలేదు, ఆ కవరు రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు, అంతే.

ఆ తర్వాత మళ్లీ ఆ నవల తెచ్చుకుని చదివాను. ఇందిర మాట్లాడే ప్రతి మాటా అప్పుడు వేరేగా వినిపించింది. ఇల్లు గడిపే ఆడపిల్ల తనకంటూ ఏదన్నా కోరుకుంటే అది స్వార్థమైపోతుంది, అదే పని కొడుకు చేస్తే సరదా. నువ్వు నచ్చుతోందో లేదో తేలట్లేదు అన్నావు చూడు, తేల్చుకోకు ఇప్పుడే.

ప్రస్తుతం నా చేతిలో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘అనుభవాలూ జ్ఞాపకాలునూ’ ఉంది. వైదిక కుటుంబంలో పుట్టి, సంస్కృతం చదవాల్సినవాడు తెలుగులో కథలు రాస్తానంటే ఇంట్లో ఎంత గొడవైందో ఆయన చెప్తుంటే పక్కన అరుగు మీద కూర్చుని వింటున్నట్టు ఉంటుంది. చుట్టాల పేర్లూ వరసలూ ఎక్కువ, నేను కాగితం మీద రాసుకుని చదువుతున్నాను.


కొండగాలి:

మాది కడప జిల్లా. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’ మొన్న రాత్రే ముగించినా. 2019లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది దీనికి, తర్వాత సినిమా కూడా వచ్చింది. కొండపొలం పోవడం అంటే తెలియనివాళ్లకి: కరువొచ్చి ఊర్లో మేత, నీళ్లు లేకపోతే గొర్రెల మందల్ని తోలుకుని వారాల తరబడి నల్లమల అడవిలోకి పోతారు. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం రాని రవి వాళ్ల నాయనతో కలిసి అట్లా పోతాడు. కథ అంతే. కానీ ఆ అడవిలో దప్పిక, పులి భయం, రాత్రి కావలి, ఇవన్నీ చదువుతుంటే నాకు నిద్ర పట్టలేదు.

మా జేజినాయనకి నలభై జీవాలు ఉండేవి. సాయంత్రం మంద దొడ్లోకి పోతుంటే ఆయన లెక్కపెట్టేవాడు కాదు. గేటు పక్కన కట్టె పట్టుకుని ఊరికే నిలబడి చూసేవాడు, అన్నీ లోపలికి పోయినాక ‘నల్లచెవులది రాలేదు, పోయి చూడుపో’ అనేవాడు. నేను పోయి చూస్తే అది నిజంగానే ఏ కంపలోనో చిక్కుకుని ఉండేది. ఎట్లా తెలుస్తుందని అడిగితే, దాని పిల్ల తల ఎత్తుకుని వచ్చింది చూడలేదా అన్నాడు. ఈ పుస్తకంలో మనుషులు మందని చూసేది అట్లాగే ఉంది. రాసినాయన ఊహించి రాసింది కాదని నాకు నమ్మకం కుదిరింది.

ఉన్నదున్నట్టు రాయమన్నారు కాబట్టి చెప్తున్నా, కొన్నిచోట్ల రవి ఆలోచనలు పాఠం చెప్పినట్టు సాగుతాయి. అడవి నేర్పించింది మనకే అర్థమైపోతుంది, మళ్లీ విడమరిచి చెప్పడం దేనికి అనిపించింది. అట్లాంటి పేజీలు కొన్ని తీసేస్తే ఇంకా బాగుండేది. అయినా సరే, మా నాయనకి ఇస్తే రెండు రోజుల్లో చదివేసి ‘నీళ్లు దొరకని సంగతి సరిగ్గా రాసినాడు’ అన్నాడు. ఆయన నవల చదవడం నేను పుట్టినాక ఇదే మొదలు.


తెనాలి టు న్యూజెర్సీ:

కొండగాలి గారూ, మీ జేజినాయన సంగతి మా అమ్మకి చదివి వినిపించాను. రెండోసారి చదవమంది.

అమ్మ తెనాలిలో ఉంటుంది, డెబ్బై నాలుగేళ్లు. చూపు బాగా తగ్గింది, అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయట. పుస్తకం లేకుండా అన్నం సయించని మనిషి. అందుకని ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే అక్కడ పొద్దున ఏడింటికి, అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుంటుంది, నేను అరగంట చదువుతాను. ఇప్పుడు కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ‘నిర్జన వారధి’ నడుస్తోంది.

ఆవిడ 1918లో పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులో పెళ్లి, వైధవ్యం, తర్వాత కొండపల్లి సీతారామయ్య గారితో పునర్వివాహం, కమ్యూనిస్టు ఉద్యమం, ప్రజానాట్యమండలిలో పాటలు, అజ్ఞాతవాసం. ఆ తర్వాత భర్త నుంచి విడిపోవడం, ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకోవడం. ఇదంతా తొంభై ఏళ్లు దాటాక పుస్తకంగా వచ్చింది, 2012లో.

నన్ను పట్టి కూర్చోబెట్టింది మాత్రం ఇవేవీ కావు. ముప్పై అయిదేళ్లు దాటాక ఆవిడ హైదరాబాద్ వెళ్లి ఆంధ్ర మహిళా సభలో మెట్రిక్ చదువుకి చేరడం. పిల్లల్ని తల్లి దగ్గర వదిలి, తనకన్నా చాలా చిన్నవాళ్ల మధ్య బెంచీ మీద కూర్చోవడం. తర్వాత కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా ఉద్యోగం చేసి తన కాళ్ల మీద తను బతికారు. అది చదువుతున్నప్పుడు ఫోన్‌లో చప్పుడు లేదు, లైన్ కట్టయిందేమో అనుకుని అమ్మా అమ్మా అని పిలిచాను. ‘ఉన్నానే, చదువు’ అంది, గొంతు మారిపోయి ఉంది. మా అమ్మ కూడా టీచర్ ట్రైనింగ్ పరీక్ష నేను పుట్టాకే రాసింది.

ఎక్కడా ‘నన్ను చూసి జాలిపడండి’ అన్నట్టు ఉండదు, చిన్న చిన్న వాక్యాలు. ఇబ్బంది ఒక్కటే, పార్టీ సంగతులు వచ్చినచోట ఎవరు ఎవరో, చీలిక ఎందుకొచ్చిందో నాకు అందలేదు. అక్కడ అమ్మే ఆపి చెప్పాల్సి వచ్చింది. నా వయసువాళ్లు పక్కన ఎవరైనా పెద్దవాళ్లని పెట్టుకుని చదివితే మంచిది.


ప్యాసింజర్ బండి:

గోదారిపిల్ల గారూ, ప్రకాశాన్ని మరీ అంతలా తిట్టకండి. నేను ఆ నవల రెండుసార్లు చదివాను. ఇంటి నుంచి వచ్చే డబ్బుతో చదువుకుంటూ, ఇంట్లోవాళ్ల మాట కాదనడం అనేది జన్మలో ఎరగని కుర్రాడు. వాడు పిరికివాడు, ఒప్పుకుంటాను. కానీ ఆ పిరికితనాన్ని ఆవిడ ఎంత దగ్గరగా చూసి రాశారో గమనించండి, నాకు అతన్ని చదువుతుంటే నా ఇరవై రెండేళ్ల వయసు గుర్తొచ్చి మనసు పాడైపోయింది.

నేను రోజూ గుంటూరు నుంచి విజయవాడ రైల్లో పనికి వెళ్తాను. పెద్ద నవల పట్టుకుంటే నడవదు, అందుకని సత్యం శంకరమంచి గారి ‘అమరావతి కథలు’ వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. వంద కథలు, ఒక్కోటి మూడు నాలుగు పేజీలు, బాపు బొమ్మలు. నంబూరు దాటేసరికి మొదలుపెడితే మంగళగిరికి కథ అయిపోతుంది, కృష్ణ కనిపించేదాకా దాని గురించే ఆలోచిస్తూ కూర్చోవచ్చు. మొదటి కథ ‘వరద’ ఎవరైనా చదవకపోతే ఈ రోజే చదవండి. నీళ్లొచ్చి ఊరంతా ఒక్కచోట చేరినప్పుడు ఆకలి ముందు కులం గీత ఏమవుతుందో అంత తక్కువ మాటల్లో చెప్పినవాళ్లు తక్కువ. అయితే వరసపెట్టి పది కథలు చదవకండి, తీపి ఎక్కువైనట్టు అవుతుంది. కొన్ని కథల్లో ఊరి మీద ప్రేమే తప్ప కథ ఉండదు.


బెంగళూరు గది నంబర్ 12:

నాకు సాయం కావాలి. బుచ్చిబాబు గారి ‘చివరకు మిగిలేది’ ఇప్పటికి మూడుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. ఈసారి నూట ఇరవై పేజీల దాకా వచ్చాను. అందరూ గొప్ప నవల అంటారు. వాక్యాలు చాలా బాగుంటాయి, కొన్ని నోట్స్‌లో రాసుకున్నాను కూడా, కానీ దయానిధి ఏం చేస్తాడా అని చూస్తుంటే ఏమీ చేయడు, ఆలోచిస్తూనే ఉంటాడు. వాళ్లమ్మ మీద పడ్డ నింద అతన్ని వెంటాడుతోందని అర్థమైంది. కానీ కోమలి, అమృతం వీళ్లలో ఎవర్ని ప్రేమిస్తున్నాడో అతనికే తెలియదు. వదిలేయనా, కొనసాగించనా?


బీచ్‌రోడ్డు:

బాబూ, వదిలేయకు, అలాగని పరుగెత్తకు కూడా. అందులో కథ కోసం వెతికితే దొరకదు. ఊళ్లో ఒక తల్లి గురించి జనం చెప్పుకునే మాట, ఆ కొడుకు ఏ మనిషి దగ్గరికి వెళ్లినా ముందే అక్కడికి వెళ్లి కూర్చుంటుంది, అది పట్టుకుని చదువు. రోజుకి ఒక ప్రకరణం చాలు. అమృతం వచ్చే పేజీలు గట్టిగా పైకి చదివి చూడు. అప్పటికీ ఎక్కకపోతే పక్కన పెట్టెయ్, తప్పేం లేదు. నాకు నాలుగోసారికి ఎక్కింది. దయానిధి పెళ్లి చేసుకునే అమ్మాయి పేరు కూడా ఇందిరే. రెండు నవలలూ పక్కపక్కన పెట్టి ఆ ఇద్దరు ఇందిరల్నీ చూడు, ఒకరు మంచంలో, ఒకరు ఆఫీసులో.


గోదారిపిల్ల:

నిన్న రాత్రి ఒంటిగంటన్నరకి ముగించాను! ముగింపు ఇక్కడ రాయను కానీ, ఇందిర చివర్లో తన గురించి తను ఏం తేల్చుకుందో చదివాక లేచి మంచినీళ్లు తాగి వచ్చి ఆ రెండు పేజీలూ మళ్లీ చదివాను. బీచ్‌రోడ్డు అమ్మగారూ, మీ చెప్పుల సంగతి తెలియకపోతే నేను ఇందిరని ఇంకోలా చదివేదాన్ని. ప్యాసింజర్ బండి గారూ, మీరు చెప్పింది మనసులో పెట్టుకునే చదివాను, ప్రకాశం మీద కోపం మాత్రం తగ్గలేదు, పైగా రాను రాను పెరిగింది. పిరికివాడు కావడం వేరు, ఆ పిరికితనం ఖరీదు పక్కవాళ్లతో కట్టించడం వేరు.

ఇంకో సంగతి. పెన్సిల్ గీతలన్నీ ఇందిర మాటల పక్కనే ఉన్నాయి. కల్యాణి దగ్గర ఒక్కటి కూడా లేదు. పొద్దున అమ్మకి ఫోన్ చేసి ‘ఏంటమ్మా, నీకు ఇందిర అంత ఇష్టమా’ అని అడిగితే, ‘ఆ పుస్తకం నాది కాదే, మీ పిన్నిది, పెళ్లయి వెళ్లేటప్పుడు ఇక్కడే వదిలేసి వెళ్లింది’ అంది. మా పిన్ని డిగ్రీ రెండో ఏడు మధ్యలో ఆపేసి పెళ్లి చేశారు. ఇన్నేళ్లలో పిన్ని పుస్తకం పట్టుకోవడం నేను చూడలేదు.

మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనాలయ్యాక తీరిగ్గా ఉంటుంది. అప్పుడు చేస్తాను.