చర్చ: పక్షవాతం వచ్చి రెండేళ్ళు దాటాక మెదడు సంకేతాల యంత్రంతో చేయి తిరిగి వస్తుందా?

పెద్దకోడలు (నరసరావుపేట)

మా అత్తగారికి పక్షవాతం వచ్చి రెండేళ్ళు నిండాయి. కర్ర సాయంతో వాకిలి దాకా నడుస్తున్నారు గానీ, కుడిచేతి వేళ్ళు పిడికిలిగా బిగుసుకుపోయాయి. గోళ్ళు అరచేతిలో గుచ్చుకోకుండా రోజూ వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో ఒక్కొక్క వేలే విప్పి, తుడిచి, మధ్యలో మెత్తటి గుడ్డచుట్ట పెడతాను. ఆర్నెల్లు దాటితే ఇక వచ్చేదేమీ ఉండదని ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపీ మాన్పించారు. ఐఐటీ కాన్పూర్‌లో ఆశిష్ దత్తా గారి బృందం మెదడు సంకేతాలతో కదిలే చేతి యంత్రం తయారుచేసిందనీ, ఏడాది రెండేళ్ళుగా మెరుగుదల ఆగిపోయిన ఎనిమిది మంది దానితో పూర్తిగా కోలుకున్నారనీ పత్రికలో చదివాను. దాని కోసం ఎదురుచూడాలా, అమెరికాలో దొరికేదాన్ని తెప్పించుకోవాలా, లేక ఆ డబ్బుతో ఫిజియోనే ఇంటికి పిలిపించుకోవాలా?

సంకేతం (బయోమెడికల్ ఇంజినీరు, సికింద్రాబాద్)

ఆర్నెల్లు దాటితే ఏమీ రాదన్న మాటను ముందుగా ఖండించాలి. చేయి కదపాలని మనసులో తలచుకోగానే, మెదడులో కదలికను నడిపే ప్రాంతంపై సెకనుకు 8 నుంచి 13 సార్లు కొట్టుకునే విద్యుత్ లయ తగ్గుతుంది. చేయి ఏమాత్రం కదలని మనిషిలో కూడా ఆ తగ్గుదలను, తలపై పెట్టి మెదడు విద్యుత్ సంకేతాలను చదివే ఈఈజీ టోపీ పట్టుకోగలదు. సరిగ్గా ఆ క్షణంలోనే యంత్రం వేళ్ళను తెరిస్తే, తలపు వెంటనే స్పర్శ మెదడుకు తిరిగి చేరుతుంది. ఆ జత పదేపదే కుదిరినప్పుడే మిగిలివున్న నాడీమార్గాలు బలపడతాయన్నది దీని వెనుక ఉన్న సిద్ధాంతం.

జర్మనీలోని ట్యూబింగెన్‌లో 32 మంది దీర్ఘకాల రోగులపై చేసి, 2013లో ప్రచురించిన అధ్యయనం దీన్ని చక్కగా పరీక్షించింది. ఇరుపక్షాలకూ అదే యంత్రం, అదే ఫిజియోథెరపీ అందాయి. తేడా ఒక్కటే, మొదటి పక్షంలో యంత్రం రోగి తలచినప్పుడు కదిలింది, రెండో పక్షంలో తలపుతో నిమిత్తం లేకుండా తోచినప్పుడు కదిలింది. మెరుగుదల మొదటి పక్షంలోనే కనిపించింది. కాబట్టి చేతిని ఊరికే కదిలించడం వేరు, రోగి తలచినప్పుడు కదిలించడం వేరు. ఇన్నేళ్ళ కిందటే ఇలాంటి పని జరిగింది గనుక, కాన్పూర్ యంత్రానికి తగిలిస్తున్న ‘ప్రపంచంలోనే మొదటిది’ అన్న మాటను కొంచెం ఆచితూచి తీసుకోవాలి. ఆ పని విలువ మాత్రం అందువల్ల తగ్గదు.

విజయవాడ ఫిజియో

ఆ మెరుగుదల ఎంతో కూడా చెప్పాలి కదండీ. పక్షవాతం తరువాత చేతి కదలికను కొలిచే ఫ్యూగల్-మేయర్ పరీక్షలో మొత్తం స్కోరు 66. ట్యూబింగెన్‌లో ఆ పరీక్షలోని కొన్ని అంశాలపై వచ్చిన సగటు లాభం మూడున్నర పాయింట్ల లోపే. పరీక్షలో అది స్పష్టంగా తెలిసే తేడాయే గానీ, రోగి జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి చాలదు. స్విట్జర్లాండ్‌లోని లాసాన్‌లో 27 మందిపై చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో మెదడు సంకేతానికి కండరాలకు కరెంటు పెట్టడాన్ని జతచేస్తే సగటున 6.6 పాయింట్లు వచ్చాయి, ఉత్తుత్తి చికిత్స పొందినవారికి 2.1 వచ్చాయి. అది నిజంగా మంచి ఫలితం. కానీ సింగపూర్‌లో రోబోతో మాత్రమే సాధన చేసినవారినీ, రోబోకు మెదడు సంకేతం జతచేసి సాధన చేసినవారినీ పోల్చినప్పుడు రెండు పక్షాల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

కాన్పూర్ ఫలితం ఎనిమిది మందిది, నలుగురు ఇక్కడివారు, నలుగురు బ్రిటన్‌వారు. పోల్చి చూసే పక్షం లేనప్పుడు లాభంలో ఎంత యంత్రానిదో, ఎంత సాధనదో విడదీయలేం. లండన్‌లోని క్వీన్ స్క్వేర్ నాడీవ్యాధుల ఆసుపత్రిలో ఏ టోపీ లేకుండానే మూడు వారాల్లో 90 గంటల సాధన చేయిస్తారు, అక్కడ కూడా పాత రోగులు మెరుగుపడ్డారు. మన దగ్గర వారానికి రెండుసార్లు అరగంట చేయించి, రాలేదని చేతులెత్తేస్తున్నాం. నాకు బాధ కలిగించేది అదే.

సంకేతం

క్వీన్ స్క్వేర్ ఫలితానికి కూడా పోలిక పక్షం లేదండీ, మీ కొలబద్దనే దానికీ వర్తింపజేయాలి. సాధన ఇంటివాళ్ళ చేతికే వదిలితే చాలునన్న ఆశ కూడా మన దేశంలో నిలవలేదు. 14 ఆసుపత్రుల్లో 1250 మందితో నడిచి 2017లో వెలువడిన అటెండ్ అధ్యయనంలో, కుటుంబసభ్యులకు శిక్షణ ఇచ్చినా ఇవ్వకపోయినా ఆర్నెల్లకు మరణించినవారూ, పరాధీనంగా మిగిలినవారూ కలిపి ఇరుపక్షాలా 47 శాతమే. పైగా మంచి చేతిని కట్టేసి పడిపోయిన చేతితో పని చేయించే పద్ధతికి మణికట్టూ వేళ్ళూ కొంతైనా పైకి లేవాలి. అదీ లేనివారికి మీరు ఏ సాధన చేయిస్తారు? మెదడు సంకేతం అవసరం ఉన్నది సరిగ్గా వాళ్ళకే.

విజయవాడ ఫిజియో

క్వీన్ స్క్వేర్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అటెండ్ మాత్రం పక్షవాతం వచ్చిన నెలలోపు రోగులది. రెండేళ్ళ తరువాత నిపుణుడు దగ్గరుండి చేయించే సాధన గురించి అది ఏమీ తేల్చదు. ఏమాత్రం కదలిక లేనివారి విషయంలో మాత్రం మీ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు.

న్యూరో, మిషిగన్

అమెరికాలో దొరికే యంత్రం పేరు ఇప్సిహ్యాండ్. సెయింట్ లూయిస్‌లో పుట్టిన న్యూరోల్యూషన్స్ సంస్థది. దెబ్బ తగలని వైపు మెదడు నుంచి సంకేతం తీసుకోవడం దాని ప్రత్యేకత. పక్షవాతం వచ్చి ఆర్నెల్లు దాటినవారి కోసం 2021 ఏప్రిల్‌లో అక్కడి మందుల, వైద్యపరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. ఆధారం 12 వారాలపాటు 40 మందిపై చేసిన అధ్యయనం. అందులో ఎవరు ఏ చికిత్స పొందుతున్నారన్నది దాచలేదు.

అమ్మా, మీకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఆ అనుమతి ప్రకటనలోనే ఉంది. మణికట్టు గానీ వేళ్ళు గానీ యంత్రం అమరనంతగా బిగుసుకుపోయినవారూ, ఆపరేషన్ వల్ల పుర్రెలో లోపం ఏర్పడినవారూ దాన్ని వాడకూడదు. అత్తగారి పిడికిలి సంగతి తేలకుండా ఏ యంత్రానికీ డబ్బు కట్టవద్దు. బిగువు కండరానిదైతే కండరాన్ని వదులుచేసే బొటులినమ్ ఇంజెక్షన్‌తో, వేళ్ళను తెరిచి ఉంచేలా రాత్రిపూట కట్టే స్ప్లింటుతో చాలావరకు సడలించవచ్చు. కీలే గట్టిపడిపోతే దారి వేరు.

విజయవాడ ఫిజియో

దీన్ని రేపు ఇంట్లోనే కొంత గమనించవచ్చు. వేడినీళ్ళ గుడ్డ తీశాక ఆమె మణికట్టును మెల్లగా అరచేతి వైపుకు వంచి, ఆ తరువాత వేళ్ళు తెరవండి. అలా వంచినప్పుడు వేళ్ళు సులువుగా తెరుచుకుంటే కీళ్ళు ఇంకా బాగున్నాయని అర్థం. నొప్పి అంటే అక్కడే ఆపండి.

పెద్దకోడలు

ఈ ఉదయం మీరు చెప్పినట్టే చూశాను. మణికట్టు వంచగానే మూడు వేళ్ళూ బొటనవేలూ తెరుచుకున్నాయి, చిటికెనవేలు మాత్రం మధ్య కణుపు దగ్గర ఆగిపోయింది. రెండేళ్ళుగా మణికట్టు నిటారుగా పట్టుకునే వేళ్ళు విప్పుతున్నాను, వంచి చూడవచ్చని ఎవరూ చెప్పలేదు. సోమవారం గుంటూరులో న్యూరాలజిస్టుకు చూపిస్తున్నాం. ఇంజెక్షన్ గురించీ, స్ప్లింటు గురించీ కాగితం మీద రాసుకున్నాను. చేయి తెరుచుకున్నాక ఫిజియోకు వారానికి ఎన్ని గంటలు అడగాలో మాత్రం చెప్పండి.

విజయవాడ ఫిజియో

రోజుకు గంట, వారానికి కనీసం ఐదు రోజులు అడగండి. మొదటి రోజే స్కోరు రాయించి, ఆరు వారాలకు అదే వ్యక్తితో మళ్ళీ కొలిపించండి. చిటికెనవేలి కణుపును విడిగా చూడమని డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి.