బీచ్ దగ్గర ఇంటికి ఏసీ: ఏటా ఏఎంసీ (ఏడాది సర్వీస్ కాంట్రాక్టు) కట్టాలా, మనమే నీళ్లతో కడుక్కుంటే సరిపోతుందా?

లాసన్స్‌బే మూడో అంతస్తు
మాది వైజాగ్‌లో లాసన్స్ బే కాలనీ, సముద్రం వైపు బాల్కనీ. ఇన్వర్టర్ ఏసీ కొని మూడేళ్లు కూడా నిండలేదు, రెండో వేసవికే చల్లదనం తగ్గిపోయింది. వచ్చిన మెకానిక్ గ్యాస్ అయిపోయిందని కొట్టి వెళ్లాడు, మళ్లీ ఏప్రిల్ వచ్చేసరికి అదే కథ. అవుట్‌డోర్ యూనిట్ వెనక ఫిన్స్ (సన్నటి అల్యూమినియం రేకులు) ముట్టుకుంటే చేతికి తెల్లటి పొడి అంటుకుంటోంది. ఇప్పుడు సర్వీస్ వాళ్లు ఏఎంసీ కట్టమంటున్నారు, పైగా కాయిల్‌కి, అంటే ఆ ఫిన్స్, వాటిలోంచి వెళ్లే గ్యాస్ గొట్టాలకి, యాంటీ రస్ట్ కోటింగ్ కూడా కొడతామంటున్నారు. ఎదురింటాయన మాత్రం అదంతా దండగ, అప్పుడప్పుడూ నీళ్లు పోస్తే చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?

స్పానర్ మామ
ముందు ఒక విషయం. ఏసీలో గ్యాస్ "అయిపోవడం" అనేది ఉండదండీ. అది పెట్రోల్ కాదు, మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టకుండా గ్యాస్ కొట్టి డబ్బులు తీసుకెళ్లినవాడు మీ జబ్బు అలాగే వదిలేసి వెళ్లాడు. గొట్టాల్లో నైట్రోజన్ నింపి ప్రెషర్ పడిపోతుందేమో చూడాలి, జాయింట్ల దగ్గర సబ్బు నురగ రాయాలి, లీకు దొరికితే బ్రేజింగ్ చేసి (లోహం కరిగించి అతికి), లోపలి గాలి, తేమ పోయేలా వాక్యూమ్ లాగి, అప్పుడు తూకం వేసి గ్యాస్ ఎక్కించాలి. ఇంత పని చెయ్యకుండా ఏఎంసీ కడితే ఏటా ఒకసారి అదే నాటకం మీ ఇంట్లో ఆడతారు, అంతే తేడా. నా ఓటు నీళ్లకే.

సీతమ్మధార పిన్ని
నీళ్లు పొయ్యడం అని అందరూ తేలిగ్గా అంటారు బాబూ. మా అవుట్‌డోర్ యూనిట్ సన్‌షేడ్ మీద ఉంది, కిందకి చూస్తేనే కళ్లు తిరుగుతాయి. ఇంట్లో నేనూ మా అత్తగారూ, పిల్లలు బయట ఊళ్లో. ఎవరు దిగి కడుగుతారు? మేం ఏఎంసీ కట్టే నడుపుతున్నాం, మార్చిలో ఒకసారి, వర్షాలు తగ్గాక ఒకసారి వచ్చి కడిగి వెళ్తారు. ఆ మనిషి వచ్చేది నిజం, ఫోన్ చేస్తే ఎత్తేది నిజం. సీజన్‌లో ఏఎంసీ లేనివాళ్లు మెకానిక్ కోసం వారం ఎదురుచూడ్డం మా అపార్ట్‌మెంట్‌లోనే చూస్తున్నా. డబ్బు దండగ అనేవాళ్లు ఆ వారం ఫ్యాన్ కింద పడుకుని అనాలి.

గాజువాక గురుడు
ఏటి పిన్నీ, సీతమ్మధారకి ఉప్పుగాలి ఎంత వస్తాది? అసలు బాధ ఒడ్డు పక్కనున్నోళ్లది, మా గాజువాకోళ్లది. మాకు సముద్రం దూరమే గానీ ఫ్యాక్టరీల దుమ్ము, పొగ ఉన్నాయి కదా, ఫిన్స్ మధ్యలో నల్లగా పేరుకుపోద్ది. నేనైతే ఖరీదైనది కొనను. సాదా ఏసీ కొను, పోయేదాకా వాడు, ఎక్స్ఛేంజ్‌లో పడెయ్. ఏఎంసీలకీ కోటింగులకీ పెట్టే డబ్బు కూడేస్తే సగం కొత్త ఏసీ వచ్చేస్తాది.

ఉప్పుగాలి
గురుడు గారూ, ఒడ్డు నుంచి దూరం పెరిగేకొద్దీ గాల్లో ఉప్పు బాగా తగ్గుతుందన్న మాట కరెక్టే, మొదటి కొన్ని వందల మీటర్లలోనే చాలా భాగం రాలిపోతుంది. కానీ తుప్పు లెక్క అక్కడితో అయిపోదు. మామూలు ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే తనంతట తనే నీరు పీల్చి కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది ఇంకా తక్కువ తేమకే చెమర్చుతుంది. మన వైజాగ్‌లో తేమ ఎంతుంటుందో ఆరేసిన బట్టల్ని అడిగితే చెప్తాయి. అంటే వాన పడకపోయినా మీ కాయిల్ మీద పల్చటి ఉప్పునీటి పొర ఉంటూనే ఉంటుంది. రాగి గొట్టం, దాని చుట్టూ అల్యూమినియం ఫిన్స్, మధ్యలో ఉప్పునీరు: రెండు వేర్వేరు లోహాలు ఇలా కలిస్తే అందులో బలహీనమైనది, అంటే అల్యూమినియం, ముందు తినేయబడుతుంది. లాసన్స్ బే ఆయన చేతికి అంటుకున్న తెల్లపొడి అదే.

ఇంకోటి గమనించండి. వాన నేరుగా తగిలే యూనిట్ కంటే పై అంతస్తు సన్‌షేడ్ కింద భద్రంగా ఉందనుకున్న యూనిట్టే చాలాసార్లు ముందు పోతుంది, ఎందుకంటే అక్కడ ఉప్పు పేరుకుంటుందే గానీ కడిగే వాన ఉండదు. కాబట్టి పిన్నిగారిది సీతమ్మధార అయినా, కడిగించడం మంచి పనే. ఎవరు కడుగుతారన్నది వేరే సంగతి.

స్పానర్ మామ
మాస్టారు బాగా చెప్పారు. దానికి నా వైపు నుంచి జాగ్రత్తలు. రిమోట్‌తో ఆపితే చాలదు, ఏసీకి కరెంటు వెళ్లే ఎంసీబీ స్విచ్ దించాలి. యూనిట్ మూత విప్పొద్దు, ఇన్వర్టర్ బోర్డులో కరెంటు ఆపాక కూడా కెపాసిటర్లలో కాసేపు ఛార్జ్ ఉంటుంది. మొక్కలకు పట్టే పైపుతో మెత్తగా నీళ్లు పట్టండి, బైక్ కడిగే జెట్ పంపు వద్దు, ఫిన్స్ వంగిపోయి గాలి ఆడదు. యాసిడ్ క్లీనర్లు అస్సలు వద్దు. అన్నిటికంటే ముఖ్యం, బోరు నీళ్లతో కడగొద్దు. ఒడ్డు దగ్గర చాలా బోర్లలో నీళ్లే ఉప్పగా ఉంటాయి, ఉప్పు మీద ఉప్పు పోసినట్టు. కుళాయి నీళ్లు వాడండి.

పిన్నిగారూ, మీరు దిగి కడగండి అని నేననను. కానీ ఏఎంసీయే అక్కర్లేదు, రెండుసార్లు మనిషిని పిలిచి కడిగించినా అదే పని.

సీతమ్మధార పిన్ని
మే నెలలో పిలిస్తే మీరొస్తారా చెప్పండి చూద్దాం!

స్పానర్ మామ
మేలో అంటే... సరే, అక్కడ మీరే గెలిచారు.

రుషికొండ రెంటు
మాది అద్దె ఇల్లు, ఏసీ ఓనర్‌ది. చలికాలం నాలుగు నెలలూ వాడం కాబట్టి అవుట్‌డోర్ యూనిట్‌కి ప్లాస్టిక్ కవర్ బిగించి తాడు కట్టేస్తాను. ఉప్పు లోపలికి వెళ్లదు, పైసా ఖర్చు లేదు. దీని గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి?

ఉప్పుగాలి
కవర్ వేసే ముందు కడుగుతారా? కడగకుండా కడితే అప్పటికే ఉన్న ఉప్పునీ తేమనీ కలిపి మూట కట్టినట్టే. పగలు ఎండకి లోపల ఆవిరి, రాత్రి మళ్లీ చెమ్మ. పైన రేకు మీద మాత్రం నీడ పడేలా ఏదైనా పెట్టి, చుట్టూ గాలి ఆడనివ్వడం మేలు. నాలుగు నెలలూ పూర్తిగా ఆపేసే బదులు మధ్యమధ్యలో కాసేపు నడపండి.

రుషికొండ రెంటు
కవర్ కట్టిన యూనిట్ ఇప్పటికీ బానే ఉంది మాస్టారూ. పుస్తకంలో ఉన్నది మా బాల్కనీకి తెలీదేమో.

గాజువాక గురుడు
హహ. అది సరే గానీ, స్టాండ్ల సంగతి ఎవడూ ఎత్తడేటి? 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో గోడ స్టాండ్ తుప్పు పట్టి ఉన్న యూనిట్లు ఊగిపోయాయి, ఒకటి కింద బైక్ మీద పడింది. ఏసీ పోతే పోద్ది, మనిషి మీద పడితే? కాయిల్ చూస్తారు, గ్యాస్ చూస్తారు, నాలుగు బోల్టులు చూడరు.

స్పానర్ మామ
ఈ మాటకి గురుడికి దండం. పెయింట్ వేసిన మామూలు ఇనుప స్టాండ్ ఒడ్డు దగ్గర వద్దు, జింకు పూత మందంగా ఉన్న స్టాండ్, స్టెయిన్‌లెస్ బోల్టులు అడగండి. కొద్దిపాటి తేడాకి కక్కుర్తి పడకండి.

వాల్తేరు వాస్తవం
కాగితాల సంగతి నేను చెప్తా. ఏఎంసీ రెండు రకాలు: విడిభాగాలు, గ్యాస్ కలిపి ఇచ్చేది ఒకటి, కేవలం వచ్చి శుభ్రం చేసి వెళ్లేది ఇంకోటి. ఫోన్‌లో మాట్లాడేవాడు మొదటిదిలా చెప్పి రెండోది రాయిస్తాడు. సంతకం పెట్టే ముందు "తుప్పు, ఉప్పుగాలి వల్ల నష్టం" అన్న మాట మినహాయింపుల్లో ఉందేమో చదవండి. అది ఉంటే వైజాగ్ ఒడ్డున ఉన్నవాడికి ఆ కాగితం దేనికి? అలాగే కోటింగ్. ఫ్యాక్టరీలో పూత వేసి వచ్చిన నీలం ఫిన్స్ వేరు, ఇంటికొచ్చి డబ్బాతో స్ప్రే కొట్టేది వేరు. స్ప్రే పైపైన పడుతుంది, ఫిన్స్ మధ్య లోతుకి వెళ్లదు, ఇప్పటికే పొడి రాలుతున్న దాని మీద కొడితే నిలవదు కూడా. పైగా వారంటీ మిగిలుంటే దాని మీద ప్రభావం ఏమిటో కంపెనీని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

నా లెక్కలో ఒడ్డుకి దగ్గరగా ఉన్నవాళ్లకి విడిభాగాలు కలిపిన ఏఎంసీ, అదీ కాయిల్ మార్చడం స్పష్టంగా రాసి ఉంటేనే లాభం. లేదంటే స్పానర్ మామ దారే.

లాసన్స్‌బే మూడో అంతస్తు
అందరికీ థాంక్స్. కాగితం తీసి చూశా, వాల్తేరు గారు చెప్పినట్టే మినహాయింపుల్లో "లవణ వాతావరణం" అని ఉంది! ఏఎంసీ వద్దని చెప్పేశా, స్ప్రే కూడా వద్దన్నా. లీకు మాత్రం ఎక్కడో తేలాలి. అన్నట్టు, ఇండోర్ యూనిట్‌లో కూడా లీకు రావచ్చంటారా? అక్కడ ఉప్పుగాలి ఎక్కడిది?

ఉప్పుగాలి
రావచ్చు. లోపలి రాగి గొట్టాలకి మరో రకం తెగులుంటుంది, చీమలపుట్టలా సన్నటి సొరంగాలు పడి కంటికి కనపడని చిల్లులవుతాయి. ప్లైవుడ్ జిగురు, పెయింట్లు, వెనిగర్ లాంటి వాటి నుంచి వచ్చే ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాల ఆవిరి, తేమ, గాలి కలిసి చేసే పని అది. ఈమధ్య వార్డ్‌రోబ్ చేయించారా?

లాసన్స్‌బే మూడో అంతస్తు
ఏసీ పెట్టిన ఏడాదే చేయించాం సార్, ఆ గదిలోనే. శనివారం కొత్త మెకానిక్‌ని పిలిచా, నైట్రోజన్ సిలిండర్ తెస్తేనే రమ్మన్నా.

స్పానర్ మామ
ఇండోర్, అవుట్‌డోర్ విడదీసి విడివిడిగా ప్రెషర్ పెట్టమనండి, అప్పుడే లీకు ఏ వైపుందో తెలుస్తుంది. రాత్రంతా ఉంచి పొద్దున్న గేజ్ ఫోటో ఇక్కడ పెట్టండి, చూద్దాం.