లైను మధ్యలో పడే ప్రాస: రాకిం ర్యాప్, మన ప్రాసయతి

ప్రశ్న: ర్యాప్‌లో ప్రాస అంటే అంత్యప్రాస ఒక్కటేనా? అమెరికన్ ర్యాపర్ రాకిం పాటల్లో లైను మధ్యలోనూ వినిపిస్తోంది. మన ఛందస్సులో దీనికి దగ్గరిది ఏదైనా ఉందా?

జవాబు: ఉందండీ, ప్రాసయతి. అంటే పాదం లోపల యతి పడాల్సిన చోట మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరాన్ని కలపడం. వేమన ఆటవెలదిలో 'చూడ చూడ రుచుల జాడ వేరు' చూడండి. చూడ, జాడ. మొదటి అక్షరాలు వేరు, రెండో అక్షరం 'డ' మాత్రం కలిసింది. అదీ పాదం చివర కాదు, లోపలే.

ఇక 1986లో డీజే ఎరిక్ బితో కలిసి రాకిం చేసిన మొదటి పాట 'ఎరిక్ బి. ఈజ్ ప్రెసిడెంట్' వినండి. మైకు తనను ఏం చేస్తోందో చెబుతూ 'బైటింగ్ మీ, ఫైటింగ్ మీ, ఇన్వైటింగ్ మీ' అంటాడు. ఒక్క లైనులో మూడుసార్లు! అప్పటి ర్యాపర్లలో చాలామంది గొంతెత్తి, లైను చివర ప్రాస కొట్టి ఆగేవారు. ఈయన గొంతు పెంచడు, మామూలుగా మాట్లాడినట్టే ఉంటుంది. ప్రాస ఎక్కడ పడబోతోందో మాత్రం ముందే పట్టుకోలేం. లాంగ్ ఐలాండ్‌లోని వయాండాంచ్‌లో పెరుగుతూ శాక్సఫోన్ వాయించిన మనిషి, జాన్ కోల్ట్రేన్ అంటే ప్రాణం. ఆ చెవి ఈ లైన్లలో తెలిసిపోతుంది.

ప్రశ్న: కానీ ప్రాసయతికి స్థానం ఖాయం కదండీ? ఆటవెలది రెండో పాదంలో నాలుగో గణం మొదట్లోనే పడాలి. రాకింకు ఆ కట్టుబాటు ఏదీ?

జవాబు: నిజమే, స్థానం దగ్గర పోలిక తెగిపోతుంది. ఆయనకు ఖాయంగా ఉన్నది నాలుగు దెబ్బల తాళం ఒక్కటే. దాని లోపల ప్రాసను ఎక్కడైనా వేస్తాడు, ఒక్కోసారి వాక్యాన్ని తర్వాతి లైనులోకి లాక్కుపోతాడు. నాకైతే ఆయన గొప్పతనమంతా ఇక్కడే ఉందనిపిస్తుంది.

ఎరిక్ బితో 1987 నుంచి 1992 దాకా చేసినవి నాలుగే ఆల్బమ్‌లు. విడిపోయాక 1997లో సొంతంగా 'ది ఎయిటీన్త్ లెటర్' తెచ్చాడు. ఇంగ్లీషులో 18వ అక్షరం ఆర్, అంటే తన పేరులో మొదటిదే. తర్వాత ర్యాపర్, నిర్మాత డాక్టర్ డ్రే మ్యూజిక్ కంపెనీ ఆఫ్టర్‌మాత్‌లో చేరాడు గానీ, అక్కడ ఆల్బమ్ బయటికి రాకుండానే 2003లో వచ్చేశాడు. ఆ లోటు నాకు ఇప్పటికీ బాధే. అయినా తర్వాతి తరం ఆయన్ని వదల్లేదు. 2004లో నాస్ అనే ర్యాపర్ ఆయన జీవితకథనే పాటగా కట్టాడు.

కొత్తగా వినేవాళ్ళు 1987 నాటి 'పెయిడ్ ఇన్ ఫుల్' ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. మొదటిసారి అర్థం జోలికి పోకండి, ప్రాస పడ్డ ప్రతిచోటా వేలితో తాళం వేయండి.